రోడ్డుకి వీపు పెట్టిన బస్ షెల్టరు

మా ఊళ్ళో ఒక బస్ షెల్టరు రోడ్డుకి వీపు పెట్టి కూర్చుంది. మిగతా ఊళ్ళలో షెల్టర్లు రోడ్డు వైపు చూస్తాయి, అందులో కూర్చున్నవాళ్ళకి వచ్చే బస్సు కనబడుతుంది. మా షెల్టరులో కూర్చుంటే గొర్లె సన్యాసమ్మ టిఫిను హోటలు కనబడుతుంది. రోడ్డు మీద వెళ్ళేవాళ్ళకి మాత్రం ఆ హోటలు కనబడదు. నిలువెత్తు సిమెంటు గోడా, దాని మీద చేతులు జోడించి నవ్వుతున్న కౌన్సిలర్ల బొమ్మలూ కనబడతాయి. ఆ బొమ్మలు చూసి ఆకలి పుట్టేవాళ్ళు ఎక్కడా ఉండరు కాబట్టి సన్యాసమ్మ పెనం చల్లారిపోయింది.

ఆవిడకి ఆ పెనం తప్ప వేరే ఆధారం లేదు. షెల్టరు తీయించకపోతే దసరాకల్లా హోటలు మూసేసి, విశాఖలో ఎవరింట్లోనో వంటకి కుదరాలి. ఒకరి వంటింట్లో ఒకరు చెప్పినట్టు వండడమంటే ఆవిడకి ప్రాణం పోయినట్టే. తన సాంబారు పల్చగా ఉందన్న మనిషిని ఆవిడ ఇంతవరకు రెండోసారి బల్ల దగ్గర కూర్చోనివ్వలేదు. సాంబారు పల్చగా ఉండే మాట నిజమే. అయినా అనకూడదు.

షెల్టరు ఇలా ఎందుకు తిరిగిందో చెప్పాలంటే ఆకాశం నుంచి మొదలుపెట్టాలి.

వింగ్ కమాండర్ పేరిచర్ల జానకిరామరాజుగారు వాయుసేనలో యుద్ధ విమానాలు నడిపి, రిటైరై మా రేగాడవలస వచ్చి స్థిరపడ్డారు. ఆరడుగుల మనిషి, ఇస్త్రీ చేసినట్టుండే మీసం. ఊళ్ళో అందరూ ఆయన్ని ఇమానం రాజుగారన్నారు. వచ్చిన కొన్నాళ్ళకే మా సహకార బ్యాంకు సభ్యులు ఆయన్ని ఛైర్మన్‌గా ఎన్నుకున్నారు. ఆయనకి బ్యాంకు పని తెలుసా అని ఎవరూ అడగలేదు. అంత ఎత్తున ఎగిరి కిందపడని మనిషి బ్యాంకుని మాత్రం పడనిస్తాడా అన్నది వాళ్ళ తర్కం. అంతకుముందున్న ఛైర్మన్లు నేల మీద నడుస్తూనే బ్యాంకుని పడేసి ఉన్నారు కాబట్టి ఆ తర్కాన్ని నేనూ కాదనలేకపోయాను. నేను ఆ బ్యాంకులో హెడ్ క్లర్కుని. పేరు భాస్కరం.

వాయుసేనలో ఒక ఆచారం ఉందట. విమానాలు దిగాక పైలట్లందరూ ఒక గదిలో కూర్చుంటారు. ఆ గదిలో పెద్దా చిన్నా తేడా లేదు. ఆ రోజు గాలిలో తాను చేసిన తప్పేమిటో ఎవరికి వారు చెప్పాలి, అందరికన్నా పెద్ద హోదా ఉన్నవాడు ముందు చెప్పాలి. చెప్పినవాడికి శిక్ష లేదు, దాచినవాడికి మరునాడు విమానం లేదు. ఈ పద్ధతి వల్లే తాను ప్రాణాలతో ఉన్నానని రాజుగారి నమ్మకం. నన్ను బతికించింది మీ బ్యాంకుని బతికించదా అన్నారు.

మొదటి రోజు సాయంత్రం షట్టరు దించి అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టారు. ఆయనే లేచి, ఇవాళ ఒక కాగితం చదవకుండా సంతకం పెట్టానని చెప్పి కూర్చున్నారు. మాకు చెమటలు పట్టాయి. చదవకుండా సంతకం పెట్టడం తప్పని మాకెవరికీ అప్పటిదాకా తెలియదు. చాలాసేపటికి లోన్ల గుమాస్తా లేచి, సన్యాసమ్మ ఖాతాలో వెయ్యవలసిన డబ్బు పక్క ఖాతాలో వేశానని గొణిగాడు. రాజుగారు వెళ్ళి అతని భుజం తట్టి, ఉల్లిపాయ పకోడీ తెప్పించి, ముందు అతనికే పెట్టారు. పకోడీ చల్లారేలోగా ఆ డబ్బు సన్యాసమ్మ ఖాతాలోకి వెళ్ళిపోయింది.

మరునాటికి అందరి దగ్గరా తప్పులున్నాయి.

వడ్డీ రేట్ల బోర్డు పక్కన ఇంకో బోర్డు వెలిసింది. 'నేటి తప్పులు' అని దాని పేరు. ఫలానావారి ఖాతాలో ఫలానా పొరపాటు జరిగింది, సరిదిద్దాం, మన్నించండి అని రోజూ సుద్దముక్కతో రాసేవాళ్ళం. జనం సినిమా పోస్టరు దగ్గర ఆగినట్టు ఆగి చదివేవాళ్ళు. ఇంత బాహాటంగా తప్పులు చెప్పుకునే బ్యాంకు లోపల ఇంకేం దాస్తుందనుకుని డిపాజిట్లు తెచ్చి పోశారు. సన్యాసమ్మ తన పేరు బోర్డు మీద చూసుకుని, చదివినవాడి చేత మళ్ళీ చదివించుకుని, ఊళ్ళో అందరికీ చెప్పుకుంది. తన బతుకులో తనకి క్షమాపణ చెప్పిన ఆఫీసు అదొక్కటేనట.

అక్కడితో ఆగి ఉంటే ఈ కథ రాయవలసిన పని లేదు. కానీ మా బ్యాంకు పాలకవర్గం సభ్యులకి ఒక మంచి పని ఎవరైనా చేస్తుంటే దానికి సర్క్యులరు లేకపోవడం బాధగా ఉంటుంది. 'ప్రతి ఉద్యోగి దినమునకు ఒక తప్పుకు తగ్గకుండా అంగీకరించవలెను' అని ఒకటి తీశారు. కౌంటరులో పరదేశి అనే క్యాషియరు ఉండేవాడు. ఉద్యోగంలో చేరింది మొదలు అతని లెక్కలో తప్పు దొర్లలేదు. పాపం, వారం రోజులు ఏమీ చెప్పలేక తలవంచుకుని కూర్చున్నాడు. ఎనిమిదో రోజు అతనికి మెమో వచ్చింది. 'విధి నిర్వహణలో తప్పులు చేయక సహోద్యోగుల నైతిక స్థైర్యమునకు భంగము కలిగించుచున్నందున, మీపై చర్య ఏల తీసుకొనరాదో సంజాయిషీ ఇవ్వవలసినది.' పరదేశి ఆ సంజాయిషీలో తన పేరు తనే తప్పు రాసి గండం గట్టెక్కాడు. అప్పటినుంచి ఏ రోజు తప్పు ఆ రోజు పొద్దున్నే చేసేసుకుని, మిగతా రోజంతా నిశ్చింతగా పనిచేసుకునేవాడు.

ఈ సంగతులు రాజుగారికి ఎవరూ చెప్పలేదు. ఆయన పొద్దుపోయేదాకా తప్పులు వింటూ కూర్చునేవారు. విని విని ఆ ముఖంలో ఒక రకమైన తృప్తి వచ్చేసింది. మంచివాళ్ళకి తృప్తి రాకూడదు, వస్తే చుట్టూ ఉన్నవాళ్ళకి తెరిపి దొరుకుతుంది.

అంతలో మునిసిపల్ ఎన్నికలొచ్చాయి. ఊరు ఊరంతా రాజుగారింటి ముందు కూర్చుని నిలబడమంది. మిగతావాళ్ళు మైకులు పెట్టి తాము చేసిన మేళ్ళు చెప్పుకుంటుంటే, ఆయన వీధి వీధికీ తిరిగి తన తప్పులు చదివారు. ఒక వీధిలో, తాను ఈ వీధికి ఇంతవరకు ఎప్పుడూ రాలేదని, అదే తన తప్పని చెప్పారు. ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. ఎదుటి పార్టీ అభ్యర్థి కంగారుపడి తానూ ఒక తప్పు చెప్పబోయాడు గాని, ఏది ముందు చెప్పాలో తేలక మైకు ముందే నీరుగారిపోయాడు. రాజుగారు గెలిచి మునిసిపల్ ఛైర్మన్ అయ్యారు. నన్ను బ్యాంకు నుంచి పిలిపించుకుని తన దగ్గర కార్యదర్శిగా పెట్టుకున్నారు. సన్యాసమ్మ ఆ రోజు ఊళ్ళోవాళ్ళకి ఉచితంగా అట్లు వేసింది.

మునిసిపాలిటీలో మొదటి తప్పుల సభకి అధికారులు శవయాత్రకి వచ్చినట్టు వచ్చారు. చెప్పినవాడికి శిక్ష లేదని రాజుగారు మరీ మరీ చెప్పాక కమిషనరుగారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. ఆయన చదువుకున్న మనిషి. ఎవరికీ తట్టని సంగతి ఆయనకి తట్టింది. 'అంగీకరింపబడిన తప్పు పరిష్కరింపబడిన తప్పుగా భావింపవలెను' అని ఆ రాత్రే ఒక ఉత్తర్వు తయారు చేసి, పదిమంది సంతకాల మధ్య రాజుగారి సంతకం కూడా వేయించారు. ఆ ఒక్క వాక్యంతో ఆఫీసులో గుట్టలు పడి ఉన్న ఫిర్యాదులన్నీ మూడు రోజుల్లో పరిష్కారమైపోయాయి. కుళాయి రావడం లేదని ఎవరైనా వస్తే, అది మా తప్పేనని నీళ్ళ విభాగం అధికారి లేచి నిలబడి నమస్కారం పెట్టేవాడు. వచ్చినవాడు ఖాళీ బిందెతో, నిండు మనసుతో తిరిగి వెళ్ళేవాడు.

మా పేరు రాజధాని దాకా పాకింది. పై ప్రభుత్వం పట్టణాలకి తప్పుల అంగీకార సూచిక అని ఒకటి పెట్టి మార్కులు వేయడం మొదలుపెట్టింది. రేగాడవలస మొదటి స్థానంలో నిలిచింది. మిగతా మునిసిపాలిటీలవాళ్ళు బస్సులు కట్టుకుని మా ఊరి తప్పులు చూడడానికొచ్చారు. దారి చూపించడానికి మెడలో కార్డు వేసుకున్న మనిషిని కూడా పెట్టాం. నీళ్ళు ఎక్కని ట్యాంకు దగ్గర, పగలు వెలిగే వీధి దీపాల దగ్గర, మెట్లు లేని మేడ దగ్గర వాళ్ళు ఫొటోలు దిగారు. మెట్లు లేని మేడ మా వైస్ ఛైర్మన్ వార్డులో కట్టిన సమాజ భవనం. పై అంతస్తు చాలా బాగుందని చెబుతారు, చూసినవాళ్ళు లేరు.

మొదటి స్థానం రావడం తేలికే, నిలబెట్టుకోవడం కష్టం. ఉన్న తప్పులన్నీ ఒప్పుకోవడం అయిపోయాక కొత్తవాటికి కొరత వచ్చింది. కాంట్రాక్టర్లు అంచనాల్లో సిమెంటుకి ఇంత, ఇసకకి ఇంత అని రాసి, చివర 'తప్పుల నిమిత్తం' అని ఒక పద్దు వేయడం మొదలుపెట్టారు. సరిగ్గా అలాంటి రోజుల్లో అసిస్టెంటు ఇంజనీరు త్రినాథరావు సన్యాసమ్మ హోటలు ముందు బస్ షెల్టరు కట్టాడు.

త్రినాథరావు మీద నిందెందుకు, అతను కావాలని చెయ్యలేదు. పటం తలకిందులుగా పట్టుకున్నాడు. పునాది నుంచి పైకప్పు దాకా అలాగే పట్టుకున్నాడు. మేస్త్రీ ఒకసారి బస్సు ఎటు నుంచి వస్తుంది బాబూ అని అడిగితే, అది రవాణా శాఖ పరిధిలోని అంశమని చెప్పాడట.

ఆ సాయంత్రం సభలో త్రినాథరావు లేచి ఒప్పుకున్న తీరు చూడాలి. కంఠం వణికింది, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. 'గౌరవ సభకు విన్నవించుకొనునది ఏమనగా, ప్రజాధనముతో నిర్మింపబడిన షెల్టరు ముఖభాగము విషయమై నా వ్యక్తిగత దిశాజ్ఞానము నందు లోపము సంభవించినది' అని మొదలుపెట్టి అరగంట మాట్లాడాడు. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. ఆ ఏడాది ఉత్తమ తప్పు అవార్డు అతనికే వచ్చింది. షెల్టరు గోడ మీద రాగి రేకు బిగించి, 'ఇది అంగీకరింపబడిన తప్పు, ముట్టరాదు' అని చెక్కించారు. ఒక కాపలా మనిషిని కూడా వేశారు.

సన్యాసమ్మ ఆఫీసుకొచ్చింది. గోడ తీసేస్తారా, తిప్పి కడతారా, ఏదో ఒకటి చెప్పమంది. కమిషనరుగారు ఆవిణ్ణి కూర్చోబెట్టి చాలా మర్యాదగా వివరించారు. ఆ షెల్టరు మునిసిపాలిటీ అంగీకరించిన తప్పు. మార్కులు వేసే తనిఖీ బృందం వచ్చేసరికి అది అక్కడ లేకపోతే, లేని తప్పుని అంగీకరించినట్టవుతుంది. లేని తప్పుని అంగీకరించడం అబద్ధం. నిజాయితీకి అవార్డు తెచ్చుకున్న ఊరు అబద్ధం ఆడవచ్చునా తల్లీ అని అడిగారు. సన్యాసమ్మకి ఏమీ అర్థం కాలేదు గాని, ఆయన అన్నిసార్లు తల్లీ అన్నాడంటే పని జరగదని మాత్రం అర్థమైంది.

మూడు నెలలు తిరిగింది. తిరిగినప్పుడల్లా ఎవరో ఒకరు లేచి నిలబడి ఆవిడకి క్షమాపణ చెప్పారు. మొదట్లో ఆవిడకి బిడియంగా ఉండేది. తర్వాత్తర్వాత ఒంటికి కారం రాసుకున్నట్టు ఉండేదని నాతో అంది. ఈలోగా హోటలుకి పిండి రుబ్బడం సగం చేసింది, తర్వాత సగంలో సగం చేసింది. దసరా దగ్గరపడింది. విశాఖలో వంట కుదిర్చిన మనిషి, ఏ సంగతో తేల్చమని రెండుసార్లు కబురు చేశాడు.

రాజుగారి దగ్గరికి నేరుగా వెళ్ళమని నేనే చెప్పాను. ఆయన చుట్టూ పొద్దున్నుంచీ తప్పులు చెప్పుకునేవాళ్ళే ఉంటారు, మధ్యలో దూరి మాట్లాడాలి. ఆవిడ నిజంగానే దూరింది. నూనె ఇంకిపోయి నల్లగా మెరిసే పెనాన్ని చంకలో పెట్టుకుని సభ మధ్యకి వచ్చి, ఛైర్మన్ బల్ల మీద ఠంగుమని పెట్టింది. పారిశుద్ధ్యం అధికారి ఏదో ఒప్పుకుంటూ ఉన్నవాడు మధ్యలో ఆగిపోయాడు.

"ముట్టుకుని సూడండి బాబూ," అంది.

రాజుగారు చెయ్యి వేశారు. చల్లగా ఉందన్నారు.

"పొద్దుటేల నా పెనం సల్లగా ఉండడం నా పెళ్ళయింది మొదలు లేదు. ఆ తినాదరావు బాబు ఒప్పుకున్నాడు, ఇంటికెల్లి బువ్వ తిన్నాడు. కమీసనరు బాబు ఒప్పుకున్నారు, ఆరూ తిన్నారు. ఈళ్ళంతా ఒప్పుకునీసి పోతంటే, ఆ గోడెనకాల కూకున్నది నాను. ఇంక నాకు సెమాపనలొద్దు. ఒక్కరోజు మీరొచ్చి ఆ గోడెనకాల కూకోండి, సాలు."

కమిషనరుగారు ఆవిడ బాధని సభ తరఫున అంగీకరిస్తున్నామని లేచారు. రాజుగారు చేత్తో ఆయన్ని కూర్చోమన్నారు. పెనం మీద నుంచి ఇంకో చెయ్యి తీయలేదు. ఆ మీసం అంత నీరసంగా వాలడం నేనెప్పుడూ చూడలేదు. సభ ముగిసిందన్నారు, అంతే.

కారులో వెళుతూ, నాతోనో అద్దంతోనో తెలియదు, అన్నారు.

"విమానంలో తప్పు చేసినవాడు విమానంలోనే ఉంటాడు భాస్కరం. వాడు తప్పు ఒప్పుకునేది మంచివాడై కాదు, రేపు మళ్ళీ అందులోనే ఎక్కాలి కనక. ఆ ఒక్క ముక్కా నేను తెచ్చుకోవడం మర్చిపోయాను."

మరునాడు రాజుగారు తన చేత్తో ఒక ఉత్తర్వు రాశారు. అందులో గ్రాంథికం లేదు. ఎవరు చేసిన తప్పులో వాళ్ళు కూర్చోవాలి, అది సరి అయ్యేదాకా అక్కడే ఆఫీసు, అని ఉంది.

ఆ వారం మా ఊరు చూసినవాళ్ళది భాగ్యం. నీళ్ళ విభాగం అధికారి కుర్చీ, బల్ల, ఫ్యాను ఎండిపోయిన ట్యాంకు కిందికి మారాయి. ఆయన తాగడానికి ఆ ట్యాంకు నీళ్ళే తాగాలి. రెండో రోజు మధ్యాహ్నానికి ట్యాంకు నిండింది. నడుమెత్తు స్పీడు బ్రేకర్లు వేయించిన కమిషనరుగారు రోజూ వాటి మీదుగా స్కూటరు మీద ఆఫీసుకి రావాలి. గురువారానికి స్పీడు బ్రేకర్లు చీలమండ ఎత్తుకి దిగాయి, కమిషనరుగారి నడుం మాత్రం లేవలేదు. పారిశుద్ధ్యం అధికారి చెత్తకుప్ప పక్కన ఫైళ్ళు చూశాడు. ముక్కుకి గుడ్డ కట్టుకుని ఆయన పెట్టిన సంతకాలు ఒక్కటీ బ్యాంకులో సరిపోలేదు. అయినా కుప్ప పోయింది. జనం పనులు మానుకుని, ఏ అధికారి ఎక్కడ కూర్చున్నాడో చూడడానికి పిల్లాపాపలతో బయల్దేరేవాళ్ళు.

త్రినాథరావు బల్ల షెల్టరులో వేశారు. ఎదురుగా సన్యాసమ్మ పొయ్యి. పొగ నేరుగా వచ్చి అతని కళ్ళల్లోకి పోయేది. మొదటి రోజు పైఅధికారి దగ్గరికి విశాఖ వెళ్ళవలసి ఉండి బస్సు కోసం కూర్చున్నాడు. గోడ వెనక నుంచి బస్సులు ఒకదాని తర్వాత ఒకటి వెళ్ళిపోయాయి. హారను వినబడి అతను పరిగెత్తి చుట్టు తిరిగి వచ్చేసరికి దుమ్ము ఉండేది. సాయంత్రానికి నీరసం వచ్చి సన్యాసమ్మని ఒక అట్టు అడిగాడు. సాంబారు గురించి ఏమీ అనలేదు, తెలివైనవాడు. మూడో రోజు అతనే ఎవరూ చెప్పకుండా గునపం తెప్పించి, రాగి రేకు ఊడదీసి, గోడ బద్దలుకొట్టడం మొదలుపెట్టాడు. గోడలో కౌన్సిలరు బొమ్మంత కన్నం పడగానే రోడ్డు మీద ఒక లారీ డ్రైవరు అందులోంచి పొగ చూసి ఆగాడు. ఆ రోజు సన్యాసమ్మ పెనం సాయంత్రం దాకా చల్లారలేదు.

ఇంకొక్క రోజు దొరికి ఉంటే గోడ మొత్తం పోయేది.

కానీ ఆ ఉత్తర్వులో అధికారులు అని లేదు, ఎవరు చేసిన తప్పులో వాళ్ళు అని ఉంది. రాజుగారు వైస్ ఛైర్మన్ని పిలిచి, మెట్లు లేని సమాజ భవనం పై అంతస్తులో ఆయనకి ఆఫీసు ఏర్పాటు చేశామని చెప్పారు. నిచ్చెన వేసి ఎక్కించారు. నిచ్చెన ఇంకో పనికి కావాలని తీసుకెళ్ళారు. ఆయన అక్కడి నుంచే సెల్‌ఫోనులో మిగతా కౌన్సిలర్లందరితో మాట్లాడాడు. ఒక్కొక్కరికి ఒక్కొక్క కాలవ, ఒక్కొక్క రోడ్డు, ఒక్కొక్క మరుగుదొడ్డి కళ్ళ ముందు కనిపించింది. అంతవరకు ఒకరి ముఖం ఒకరు చూడని మూడు పార్టీలవాళ్ళు ఆ రాత్రే ఒకే పళ్ళెంలో తిన్నారు.

అవిశ్వాస తీర్మానానికి అనుకూలంగా చేతులన్నీ లేచాయి. రాజుగారు లేచి, ఈ సభని నమ్మడం తన తప్పని చెప్పి, కండువా మడిచి బల్ల మీద పెట్టి నడిచి వెళ్ళిపోయారు. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నేనూ ఆయన వెనకే వచ్చేశాను. వైస్ ఛైర్మన్ ఛైర్మన్ అయ్యాడు.

కొత్త సభ మొదటి తీర్మానం కమిషనరుగారే రాశారు. స్కూటరు దిగాక ఆయన భాషకి మళ్ళీ జీవం వచ్చింది. 'ఈ పురపాలక సంఘము ఏర్పడిన నాటి నుండి నేటి వరకు ఇందు ఎట్టి తప్పును జరిగి ఉండలేదనియు, ఇకపై జరుగుటకు అవకాశము లేదనియు ఏకగ్రీవముగా తీర్మానించడమైనది.' తీర్మానం అన్నాక దానికి కట్టుబడి ఉండాలి. తప్పే జరగనప్పుడు షెల్టరు అలా కట్టడం తప్పు కాదు. అది తప్పు కానప్పుడు దాన్ని పగలగొట్టడం అక్రమం. త్రినాథరావుని పిలిచి, ఎలా ఉన్నది అలా కట్టమన్నారు. పాపం, అతను ఈసారి పటం తలకిందులుగా పట్టుకుని, అది తలకిందులుగానే ఉందని ఇద్దరి చేత సరిచూపించుకుని, కన్నం పూడ్చి గోడ లేపాడు. పని చేస్తున్నంతసేపూ హోటలు వైపు చూడలేదు.

సన్యాసమ్మ విశాఖ వెళ్ళడానికి ట్రంకుపెట్టె సర్దుకుంది. పెనం ఎవరికివ్వాలో తేలక మాత్రం రెండు రోజులు ఆగింది.

ఆ రెండో రోజు పొద్దున్నే రాజుగారు తెల్లచొక్కా వేసుకుని నడిచి వచ్చి షెల్టరులో కూర్చున్నారు. ఏం బాబూ ఇలా వచ్చారని ఆవిడ అడిగితే, అంగీకారం ఒక్కటే చాలన్న కాగితం మీద చదవకుండా సంతకం పెట్టినవాణ్ణి నేనే, ఈ గోడ దాని వల్లే లేచింది, అందుకని ఇందులో నేను కూర్చోవాలి అన్నారు. ఆవిడ పెట్టె పక్కనున్న పెనం తీసి కడిగింది. మధ్యాహ్నానికి ఇమానం రాజుగారు గోడ వెనక కూర్చున్నారని ఊరంతా తెలిసింది. ఆయన్ని చూడడానికి వచ్చినవాళ్ళు గోడ చుట్టూ తిరిగి రావాలి. తిరిగి వచ్చాక ఊరికే నిలబడలేరు, కూర్చోవాలి. కూర్చున్నాక అట్టు వాసన తగులుతుంది. ఆయన రోజూ వచ్చారు, జనమూ రోజూ వచ్చారు. దసరాకి సన్యాసమ్మ ఇంకో పొయ్యి పెట్టింది. విశాఖవాడికి వేరే మనిషిని చూసుకోమని కబురు చేసింది.

ఇంత జనం ఒకచోట మూగితే కమిషనరుగారి కంట పడకుండా ఉంటుందా. ఆయన జీపులోంచి చూశారు, వెళ్ళి నివేదిక రాశారు. షెల్టరు ముఖభాగమును చిరువ్యాపారుల దిశగా తిప్పుట అనునది ఈ సంఘము వారి దూరదృష్టితో కూడిన ప్రణాళిక అనియు, తత్ఫలితముగా వ్యాపారము ఇనుమడించినదనియు అందులో ఉంది. పై ప్రభుత్వం మెచ్చుకుని నిధులు పంపింది. ఊళ్ళో ఉన్న షెల్టర్లన్నిటినీ రోడ్డుకి వీపు పెట్టేలా తిప్పి కట్టడానికి టెండర్లు పిలిచారు. నెల తిరక్కుండా పని మొదలైంది.

ఆ కబురు నేనే తీసుకెళ్ళి చెప్పాను. రాజుగారు తింటున్న అట్టు ఆకులో వదిలేశారు.

"ఒక్కణ్ణి, భాస్కరం. ఎన్నింట్లో కూర్చోను?"

సన్యాసమ్మ అట్టుని ఇటు నుంచి అటు తిప్పేసి, చేతులు పైటకి తుడుచుకుని అంది.

"మీరొక్కలే ఎందుకు బాబూ. మీకోటేసి పనైపోనాదని ఇంటికాడ తొంగున్నాం, తరవాత ఆళ్ళనీ కుర్సీలెక్కనిచ్చాం. ఊరంతా ఉన్నాం గదా, తలో దాంట్లో కూకుంటాం."

ఆ మాట ఊళ్ళో పాకింది. ఇప్పుడు మా రేగాడవలసలో ఏ షెల్టరు వెనక్కి వెళ్ళి చూసినా ఎవరో ఒకరు పొద్దున్నే వచ్చి కూర్చుని ఉంటారు. బస్సు కోసం కాదు, మా తప్పులో మేం కూర్చున్నామని అడిగితే చెబుతారు. బ్యాంకు పక్క షెల్టరులో పరదేశి, సంత దగ్గర ఆ రోజు కళ్ళొత్తుకున్న ఆడవాళ్ళు, మా వీధి చివర నేను. కమిషనరుగారు దీన్ని ప్రజాభాగస్వామ్యం అని రాసుకున్నారు. వచ్చే ఎన్నికల దాకా కూర్చోవాలి కాబట్టి అందరూ తలో దిండూ తెచ్చుకున్నారు. ఇందాక గోడ వెనక ఏదో బస్సు వెళ్ళింది, ఏ ఊరిదో కనబడలేదు.